శుక్రవారం గాలి

తిరుపతిలో మేముండే అపార్టుమెంటులో కరెంటు పోతే సెల్లారులోని జనరేటరు దానంతట అదే మొదలవుతుంది. డీజిలు వాసనతో వేడిగాలి మొహానికి కొట్టగానే అందరూ ముక్కు మూసుకుని మెట్ల వైపు పోతారు, నేను మాత్రం కూరగాయల సంచీ పట్టుకుని కాసేపు అక్కడే నిలబడిపోతాను. వాచ్‌మన్‌కు నా మీద ఏదో అనుమానం ఉన్నట్టుంది. అది మా నాయన వాసనని అతనికి ఎలా చెప్పను?

మా నాయన నగరి బయట రిజర్వు కరెంటు కేంద్రంలో ఆపరేటరు. గ్రిడ్డు ఎప్పుడైనా కుప్పకూలితే ఆదుకోవడానికి కట్టిన కేంద్రం అది, గ్రిడ్డు అంత సులభంగా కూలదు గనుక ఎప్పుడూ ఊరికే ఉండేది. నాయన మాత్రం ఊరికే ఉండేవాడు కాదు. మిషనులో నూనె చల్లారకుండా చూసుకుంటూ, బ్యాటరీలు తుడుస్తూ, ఫోను పక్కనే కూర్చుని సంగటీ ఊరిబిండీ తినేవాడు, చుట్టాల పెళ్లిళ్లకు కూడా మాతో వచ్చేవాడు కాదు. ఊళ్లో అందరూ దాన్ని నిద్రపోయే మిషను అనేవాళ్లు. నేను ఉడుక్కునేదాన్ని.

ప్రతి శుక్రవారం పొద్దున మాత్రం అది లేచేది. పనిచేస్తోందో లేదో చూడడానికి వారానికోసారి తిప్పాలట. కార్తీకపు ముసురులో, ఎండ మొహం చూడని రోజుల్లో, రేడియేటర్ల నుంచి కంచె దాటి వచ్చే ఆ వెచ్చటి గాలి కోసం మరమగ్గాల వీధంతా కదిలొచ్చేది. అక్కడి రేకుల పందిరి కింద ఆడవాళ్లు గంజి పెట్టిన నూలు చిలపల్ని, ఆ పొడవాటి దారపు కట్టల్ని, వెదుళ్లకు వేలాడదీసేవాళ్లు, ఎర్రవీ పచ్చవీ నీలివీ గాలికి ఊగుతుంటే వాటి మధ్య దూరి మేం దాగుడుమూతలు ఆడేవాళ్లం, ఒళ్లంతా గంజి వాసన, గుప్పిట్లో ఉడకబెట్టిన చెనిక్కాయలు. దీపావళికి చేసి దాచిన మురుకులు మునెమ్మ అవ్వ చెంగులోంచి తీసి పంచేది. ఆమె మా పక్కింటావిడ. నాయనను అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసేదీ, నన్ను అందరికంటే ఎక్కువ ముద్దు చేసేదీ ఆమే.

ఒక ఏడు తుపాను వదల్లేదు. వంక పొంగి డీజిలు ట్యాంకరు రాలేదు, ఉన్నదాన్ని అవసరానికి దాచమని పైవాళ్లు చెప్పడంతో ఆ శుక్రవారం మిషను తిప్పలేదు. అవ్వ ఇంట్లో గంజి పెట్టిన నూలంతా తడిమీదే ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే బూజు పట్టి మగ్గానికి పనికిరాకుండా పోతుంది, ఆ ఏటికి వాళ్ల పొయ్యి వెలగాల్సింది ఆ నూలుతోనే. ఆమె గేటు దగ్గరికొచ్చి నాయనను బతిమాలింది.

"ఒక్క గంట తిప్పు నాయనా. ఊరికే పోయే గాలే గదా."

"తిప్పకూడదత్తా. రేపు ఎవరికన్నా పానం మీదికొస్తే, డీజిలు యాడనుంచి తెచ్చేది?"

అవ్వ చెంగు నెత్తిన కప్పుకుని వానలో వెళ్లిపోయింది. సాయంత్రం నేను వాళ్ల గుమ్మం దాకా పోతే లోపలికి రమ్మనలేదు. నాయన కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు, నాకేమో నాయన మీదే కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం గ్రిడ్డు నిజంగానే కూలింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేసరికి వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. అన్నం క్యారియరు తీసుకెళ్లిన నేను షెడ్డు తలుపు దగ్గరే ఉన్నాను. ఫోను మోగింది. నాయన మీట తిప్పాడు, మిషను దగ్గినట్టు ఓసారి కదిలి ఆగిపోయింది. దాని ఒంటిమీద చెయ్యి వేసి, పసిబిడ్డను జోకొట్టినట్టు తట్టి మళ్లీ తిప్పాడు. ఈసారి నేల అదిరింది. పెద్దాసుపత్రికీ రైలు సిగ్నళ్లకూ కరెంటు అందుతోందని ఫోనులో చెప్పించుకున్నాక, రిసీవరు పెట్టీ పెట్టకముందే నావైపు తిరిగాడు.

"పరిగెత్తు పాపా. అవ్వను నూలు తెమ్మని సెప్పు."

వానలో పరిగెత్తాను. అవ్వతో పాటు వీధంతా వచ్చింది, పొద్దుగూకేదాకా గాలి వీస్తూనే ఉంది. మా ఇళ్లకు మాత్రం కరెంటు రాలేదు, ఇంత చేసీ మనకు చీకటేనా అని అమ్మ అంటే నాయన నవ్వాడు. అవ్వ ఆరిన చిలపను చెంపకు ఆనించి చూసుకుని, నాయన దగ్గరికొచ్చింది.

"అది నిద్రపోయే మిషను కాదులే అబ్బా. నువ్వు దాన్ని నిద్రపోనీలేదు."

నాయన తుండుతో మొహం తుడుచుకున్నాడు, చాలాసేపు.

ఇప్పుడక్కడ షెడ్డు లేదు. తెల్లటి బ్యాటరీ పెట్టెలు వరసగా ఉన్నాయి, కరెంటు పోయిందని తెలిసేలోపే అవి అందుకుంటాయట. మంచిదే. అవ్వ లేదు, నాయన లేడు, ఇంట్లో నూలుకు గంజి పెట్టేవాళ్లూ దాదాపు లేరు. మొన్న ముసురులో మనవరాలి యూనిఫారం ఆరలేదు. కరెంటు పోయి జనరేటరు మొదలవగానే దాన్ని చేత్తో పట్టుకుని సెల్లారుకు దిగాను, గుడ్డ కాసేపట్లోనే ఆరిపోయింది. గాలి ఇంకా వీస్తూనే ఉంది, పరిగెత్తి ఎవరినైనా పిలుచుకు రమ్మనేవాళ్లే లేరు.