అన్ని కర్రలూ నా ఎత్తువే

పొద్దున ఆఫీసులో హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే చెవిలో ‘ఠక్’మని వెదురు కర్ర బండమీద మోగింది. మా ఆట నాలుగో భాగంలో మంత్రగాడు నడిచేటప్పుడు రావాల్సిన చప్పుడది. సరిచూడమని సౌండ్ వాళ్లు పంపారు. మళ్లీ విన్నాను. మూడోసారీ విన్నాను. ఇక పని సాగితే ఒట్టు. ఎల్లారెడ్డిలో మా పక్కింటి నర్సయ్య మామ వాకిట్లోకి వస్తుంటే అచ్చం ఇదే చప్పుడు. ఆయన పోయి ఏడాది దాటింది.

నా పనేమిటో ముందు చెప్పాలి. హైదరాబాదులో ఒక వీడియో గేముల కంపెనీలో ఆయుధాల బొమ్మలు గీస్తాను. రాక్షసులూ మంత్రగాళ్లూ ఉండే ఆ ఆటలో కత్తులు, విల్లులు వేరేవాళ్లవి. కర్రలు, మంత్రదండాలు నావి. “గింత చదివి కర్రలు గీకుడేందే?” అని మా అమ్మ ఇప్పటికీ సాగదీస్తుంది.

నర్సయ్య మామ నిజాంసాగర్ కాలువమీద లస్కర్‌గా చేసి రిటైరయ్యాడు. రోజూ గట్టు వెంట మైళ్లకొద్దీ నడవాలి, తూముల దగ్గర చెత్త లాగాలి, నీళ్ల లోతు చూడాలి. అన్నిటికీ చేతిలో కర్రే. కర్రసాము కూడా వచ్చు. నేను ఏడో తరగతిలో ఉండగా, కామారెడ్డిలో మా మేనత్త ఇంటికి పోయినప్పుడల్లా ఇంటర్నెట్ షాపులో ఇలాంటి ఆటలే ఆడి, ఇంటికొచ్చి చీపురుకట్ట గిరగిరా తిప్పేదాన్ని. అది చూసి మామకు ఒళ్లు మండింది.

“లచ్చిమిని గట్ల తిప్పుతరానె? దా, నీకు కర్ర కొలుస్త” అన్నాడు.

నన్ను గోడకు నిలబెట్టి, అరికాలి నుంచి కనుబొమ్మ దాకా కొలిచి వెదురు కోశాడు. మంటమీద కాచి వంకర తీశాడు. వారాల తరబడి ఆముదం పట్టించాడు. ఎవరి కర్ర వాళ్ల కనుబొమ్మకే రావాలి, ఒకరి కర్ర ఇంకొకరు పట్టకూడదు, ఇదీ ఆయన పద్ధతి. నేను ఎదుగుతున్న కొద్దీ మూడుసార్లు కొత్త కర్ర కోసిచ్చాడు. ఆడపిల్లకు కర్రసామేంటని సణిగినవాళ్ల నోరు ఒక్క చూపుతో మూయించాడు.

మూడో భాగానికి పన్నెండు దండాలు గీయమన్నప్పుడు నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ప్రాణం పెట్టి గీశాను. స్ఫటికాలు, నాగుపడగలు, వెండి తీగలు, ఒకటేమిటి! మా లీడ్ మేడమ్ అన్నీ చూసి, “అందంగానే ఉన్నాయి స్రవంతీ. కానీ ఎవరి చేతిలో చూసినా అరువు తెచ్చుకున్నట్టున్నాయి. సోమవారం లోపు సరిచేయకపోతే ఈ పని వేరేవాళ్లకు ఇచ్చేస్తాను” అంది. అంటే నేను ఇంటికే. ఏడుపు దిగమింగుకుని, ల్యాప్‌టాప్ సంచిలో పడేసుకుని ఎల్లారెడ్డి బస్సెక్కాను.

మామ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూశాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. తెరమీద ముసలి మంత్రగాడినీ, మరుగుజ్జు వైద్యురాలినీ వేలితో చూపించాడు.

“గీ పొడుగాయనకు కర్ర రొమ్ముకాడికే వచ్చింది. గీ పొట్టామెకేమో నెత్తి దాటిపోయింది. ఏందే గిది?” నా ముఖంలోకి చూశాడు. “అన్నీ నీ కనుబొమ్మకే కొలిచినవ్ బిడ్డా.”

పన్నెండు కర్రలూ నా ఎత్తుకే గీశాను. చేతికి ఆ కొలత ఎంత అలవాటైపోయిందంటే, ఒక్కసారైనా అనుమానం రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గంతా కోపమైంది.

“ఇది ఆట మామా! వాళ్లెవ్వరూ నిజంగా లేరు” అని కసిరాను.

“లేకపోతే మరి నీకు గింత పరేషానెందుకు?” అన్నాడు తాపీగా. తన కర్ర తెచ్చి నా ఒళ్లో పెట్టాడు, పరాయి కర్ర పట్టకూడదన్న మనిషి! “కండ్లు మూస్కొని తడుము.”

తడిమాను. చేయి పడేచోట నున్నగా ఉంది. కింది కొస ఒక పక్కకే అరిగింది.

“నా కుడి మోకాలు నొస్తది, గందుకే గట్ల అరిగింది. గీ ముసలాయన ఎంత దూరం నడిచిండు? ఏ కాలు నొస్తది? నీకు ఎర్కలేదు. ఎర్కలేకనే మీద గన్ని రాళ్లు వెట్టినవ్. కర్రను పెండ్లిపిల్లను జేసినవ్ గదనే!”

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఆ రెండు రోజులూ మామ వాకిట్లోనే కూర్చున్నాం. పన్నెండుమందిలో ఒక్కొక్కరి గురించీ ఆయన అడిగాడు, నేను చెప్పాను, తెలియనివి ఇద్దరం కలిసి తేల్చాం. మంత్రగాడికి ఎడమ మోకాలు నొప్పి అన్నాం. వైద్యురాలు కర్రకు మూలికల మూట తగిలించుకుని తిరుగుతుంది కాబట్టి పైకొస దగ్గర తాడు రాపిడి పెట్టాం. రాళ్లు చాలా తీసేశాను. సోమవారం మేడమ్ ఒక్కొక్క కర్రనూ పెద్దది చేసి చూసింది. “ఇప్పుడు ఎవరిది వాళ్లదే” అంది. ఆ నెలలోనే ఉద్యోగం ఖాయమైంది.

కాగితం చేతికి రాగానే మామకు ఫోన్ చేశాను. “మామా, ఉద్యోగం నిలిచింది!”

“మంచిగైంది బిడ్డా” అన్నాడు. తర్వాత, వాడకట్టులో మనిషి సంగతి కనుక్కుంటున్నట్టే అడిగాడు: “మరి గా ముసలాయన మోకాలు ఎట్లున్నది?”

“జరంత తగ్గింది మామా” అన్నాను.

ఇప్పుడు ఆటలోకి వచ్చే కొత్త మనిషి బొమ్మ ఏది నా ముందుకొచ్చినా వెంటనే ఆయుధం జోలికి పోను. నీకెక్కడ నొస్తది, అని మొదట అడుగుతాను. పైకే అడుగుతాను. మా టీమ్‌లో వాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వనీ. అడిగితే చెబుతారు, ఆ బొమ్మల్లోవాళ్లు.