వెనక ఇంజిన్ కారు అంకుల్

పాపకూరలో ఉండే అంకుల్ పోయారని పోయిన మంగళవారం ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. అప్పుడు నేను టౌరంగాలో ఒక పెద్దావిడ ఇంట్లో ఆమె కాలి పుండుకు కట్టు మారుస్తున్నాను. ఆయన పొద్దున టీ తాగి షెడ్డులోకి వెళ్లారట. ఆంటీ వెళ్లి చూసేసరికి స్టూలు మీద కూర్చుని గోడకు ఆనుకుని ఉన్నారట. అంతే. నేను కట్టు పూర్తి చేసి, పెద్దావిడకు మందులు అందించి, బయటికొచ్చి నా కారులో కూర్చుని ఏడ్చాను. నాకు కారు నడపడం నేర్పింది ఆయనే.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియవలసిన మనిషి. కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి, తర్వాత ఈ దేశానికొచ్చి పాపకూరలో చాలా ఏళ్లు చిన్న గరాజ్ నడిపారు. అది మూసేశాక, చదువుకోవడానికి వచ్చి ఒక్కో ఫ్లాట్‌లో ఐదుగురం సర్దుకునే మాలాంటి వాళ్లకు వారాంతాల్లో డ్రైవింగ్ నేర్పేవారు. అదీ మామూలు కారులో కాదు. అరవై ఏళ్లు దాటిన ఫ్రెంచ్ కారులో.

ఆ కారు ఆయనకు దొరికిన కథ మాలో ప్రతివాడూ కనీసం పదిసార్లు విన్నాడు. ఒక రైతు షెడ్డులో ఆ కారులో కోళ్లు గుడ్లు పెడుతుండేవట. ఈయన ముచ్చటపడి ముందు బానెట్ ఎత్తితే లోపల ఏమీ లేదు, ఖాళీ. ఇంజిన్ ఎవరో ఊడబీక్కుపోయారని రైతు మీద జాలిపడి ఓదార్చబోయారట. రైతు నవ్వి, వెనక్కి తీసుకెళ్లి డిక్కీ తెరిచి చూపించాడు. ఇంజిన్ అక్కడుంది! ఘాట్‌లో రైలు ఎక్కలేకపోతే వెనకనుంచి ఇంకో ఇంజిన్ తగిలించి నెట్టిస్తారు కదా, ఆ ఇంజిన్లకు పనిచేసిన చేతులు ఆయనవి. చూడగానే ప్రాణం లేచొచ్చిందట. "ఇది గుంజేది కాదు బిడ్డా, నూకేది" అనేవారు, తమ చుట్టాల గురించి చెప్తున్నట్టు.

ఇక చరిత్ర మొదలుపెడితే ఆపేవారు కాదు. యుద్ధంలో ఫ్రాన్స్ జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, ఇంజనీర్లు చాటుమాటుగా గీసుకున్న ఒక బుల్లి కారు ఉండేదట. యుద్ధం అయ్యాక మామూలు కుటుంబాలు ఎక్కడానికి దాన్ని తయారు చేశారు. అది అక్క. మన కారు ఆ తర్వాత పదేళ్లకు పుట్టిన చెల్లెలు, పేరు డాఫిన్, అంటే యువరాణి. ఇరవై లక్షలకు పైగా చేశారు. అమెరికా వాళ్లు మోజుపడి కొని, తుప్పు పడుతోందని, పరుగు చాలదని మొహం తిప్పుకున్నారు. ఈ ముక్క దగ్గర అంకుల్ గొంతు కాస్త కటువయ్యేది. తర్వాత కార్ల ఇంజిన్లన్నీ ముందుకొచ్చేశాయి, ఆ వంశం అక్కడితో ఆగిపోయింది. మాకు వెనక అద్దం చూడటం కంటే ముందు ఇదంతా నేర్పారు.

నేను ఆయన దగ్గరికి వెళ్లేటప్పటికే లైసెన్స్ పరీక్ష రెండుసార్లు తప్పాను. ఇంటింటికీ తిరిగి రోగులను చూసే నర్సు ఉద్యోగం టౌరంగాలో దొరికింది. లైసెన్స్ తెస్తేనే చేర్చుకుంటామన్నారు. ఉద్యోగం లేకపోతే వీసా లేదు. స్టీరింగ్ పట్టుకుంటే అదే గుర్తొచ్చేది.

అప్పుడు నేనొక ఘనకార్యం చేశాను. కారు ముందు టైర్లు మెత్తగా ఉన్నాయని నాకు చాలా రోజులుగా దిగులు. పెద్దాయన చూసుకోవట్లేదు, ఈ మాత్రం ఋణం తీర్చుకుందామని, ఒక శనివారం ఆయన పెట్రోల్ బంకు లోపలికి వెళ్లినప్పుడు నాలుగు టైర్లకూ సమంగా, గట్టిగా గాలి కొట్టేశాను. చెప్పలేదు. తర్వాత చెప్పి మెప్పు పొందుదామనుకున్నాను.

అదే రోజు, హునువా ఊరి వైపు వానకు తడిసిన మలుపులో కారు తోక తిరిగింది. నేను ఎటు తిప్పినా అది తన దారిన అది గుండ్రంగా తిరిగి, వెనక్కి వెళ్లి కంచె గుంజను గుద్దుకుని ఆగింది. ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. అంకుల్ దిగి, వానలో వంగి ముందు టైరును బొటనవేలితో నొక్కి చూశారు. గాలి కొట్టావా అని మాత్రం అడిగారు. అవునన్నాను. బరువంతా వెనకే ఉన్న కారుకి ముందు టైర్లలో గాలి తక్కువే ఉండాలని, లేకపోతే తోక తిరుగుతుందని అప్పుడే తెలిసింది.

మూడేళ్లు కష్టపడి బాగుచేసుకున్న కారు. తిడతారని తల వంచుకుని నిలబడ్డాను.

"తప్పు నాది బిడ్డా. కారు పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పిన, గాలి సంగతి ఒక్కటి చెప్పలె."

అగ్గిపుల్లతో వాల్వు నొక్కి ముందు టైర్లలో గాలి తీశారు. నేను పక్క సీటు వైపు నడిచాను. ఆయన నా ముందుకొచ్చి తాళం చేతిలో పెట్టారు.

"ఇయ్యాల నువ్వు నడపకపోతె ఇగ ఎన్నడు నడపవు. ఎక్కు."

ఏడుస్తూనే పాపకూర దాకా నడిపాను. దారిపొడవునా ఆయన మాట్లాడింది అమెరికాలో ఆ కారుకి జరిగిన అన్యాయం గురించే. వెనక మడ్‌గార్డు సొట్ట గురించి ఎవరడిగినా తానే గుద్దానని చెప్పేవారు. పరీక్ష మూడోసారి పాసయ్యాను. నేను ఈ దేశంలో నిలబడ్డానంటే అది ఆ వానలో నా చేతిలో పెట్టిన తాళం వల్లే. ఆయన బతికుండగా ఈ మాట ఆయనకు చెప్పలేదు. చెప్పాల్సింది.

అంత్యక్రియల రోజు ఆంటీ నన్ను పక్కకు పిలిచి, శవపేటిక బండి వెనక డాఫిన్ రావాలన్నారు. వాళ్లమ్మాయికి గేర్ల కారు రాదు. నాకు వచ్చు, కానీ ఐదేళ్లయింది దాన్ని ముట్టుకుని. అయినా ఎక్కాను. శ్మశానం బాంబే కొండకు అవతల. మన బాంబే కాదు, పాపకూర దాటాక వచ్చే కొండ పేరే అది. పాత రోడ్డు మీద ఎక్కుడు మొదలవగానే కారు ఆయాసపడింది, రెండో గేరుకు దించాను. అద్దంలో చూస్తే వెనక ఒకదాని వెంట ఒకటి మావాళ్ల కార్లు, నడుపుతున్న వాళ్లంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఎవరూ హారన్ కొట్టలేదు, దాటాలని చూడలేదు.

కొండ సగంలో, నా పక్క సీట్లో కూర్చున్న ఆంటీ నెమ్మదిగా అన్నారు: "ఇన్నేండ్లల్ల ఈ కార్ల నేను ముంగట కూసునుడు ఇదే మొదలు. చర్చికి పోవాలన్నా దార్ల మీలెక్క ఎవర్నో ఒకర్ని ఎక్కిచ్చుకొని నడుపుమంటుండె. ఆయన పక్కన కూసుంటుండె. నేను ఎన్క."

ఆవిడ చెప్పులు విప్పి, కాళ్లు ముందుకు చాపుకుని, వంపు తిరిగి ఎదురొస్తున్న కొండ రోడ్డును కొత్తగా చూస్తున్నారు.