బరువు కిందికి వెళ్లడం

నేను రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, ఒక డిసెంబరు నెలలో, విజయనగరంలో జరిగే మహిళల వెయిట్‌లిఫ్టింగ్ పోటీలకు వ్యాఖ్యానం చెప్పమని రేడియో కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. అప్పటికి నేను శ్రీకూర్మం దగ్గర మా ఊరి ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. రేడియోకు క్యాజువల్ వ్యాఖ్యాతను మాత్రమే. అంటే ఆడిషన్‌లో నెగ్గి జాబితాలో పేరున్నవాణ్ని, ఉద్యోగిని కాను. పిలుపు వచ్చినప్పుడల్లా ప్రధానోపాధ్యాయుణ్ని సెలవు అడగాలి, తర్వాత ఇంట్లో అడగాలి. ఈ రెండోదే కష్టం.

ఇంట్లో నా భార్య సుభద్ర, ఆమె తల్లి ఉండేవారు. ఆ తల్లి నాకు మేనత్త కూడా. పక్షవాతం వచ్చి ఆమె కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. పూటపూటా ఆమెను మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మార్చేది నేనే. అంతకు ముందు ఏడాది నేను కబడ్డీ పోటీలకని కాకినాడ వెళ్లినప్పుడు ఆమె జారిపడి తుంటి ఎముక విరిగింది. ఇంకోసారి పడితే ఇక అతకదని డాక్టరు చెప్పారు. అప్పటి నుంచి నేను ఊళ్లో లేని రోజుల్లో పక్క ఊరి నుంచి సుభద్ర తమ్ముడు వచ్చి ఆ పని చూసేవాడు. ఆ ఏర్పాటు మీదే నేను విజయనగరం వెళ్లాను.

ఈ పనికి కావలసిన గొంతు నాకు భజన మందిరంలో అబ్బింది. చిన్నప్పటి నుంచి ఏకాదశి నాడు గోష్ఠిలో భాగవతం చదివేవాణ్ని. వినేవాళ్లలో చూపు ఆనని ముసలివాళ్లే ఎక్కువ. కాబట్టి కంటికి కనపడేదాన్ని మాటల్లో నిలబెట్టడం అక్కడే నేర్చుకున్నాను. రేడియోలో బరువులెత్తే పోటీ చెప్పడానికి అదే పనికొచ్చింది. ఈ ఆటలో పరుగు లేదు, ఎదుటి ఆటగాడు లేడు. పేరు పిలవగానే గడియారం మొదలవుతుంది. నిమిషంలోగా లిఫ్టరు బారును, అంటే రెండు కొసలా బరువు బిళ్లలు తగిలించిన ఇనుప కడ్డీని, ఎత్తాలి. ముగ్గురు రిఫరీలలో ఇద్దరైనా తెల్లదీపం వెలిగిస్తే ఆ ఎత్తు చెల్లినట్టు. ఇంత చిన్న సంగతిని వినేవాడి కళ్లకు కట్టాలంటే పాదం ఎక్కడుందో, నడుము ఎలా ఉందో, ఊపిరి ఎప్పుడు బిగబట్టిందో చెప్పుకుంటూ పోవాలి.

ప్రత్యక్ష ప్రసారం మొదలవబోతుండగా సుభద్ర ఫోను చేసింది.

"తమ్ముడు రాడట, బావా. తెల్లారి నుంచి వాన. కుప్పలు తడిసిపోతన్నాయని పరదాలు కప్పడానికి ఎల్లిపోనాడు."

"పక్కింటోళ్లని పిలు."

"ఊరంతా సేలోనే ఉన్నాది. ఎవుల్ని పిలమంతావు?"

"నేను మూడింటికల్లా వచ్చెత్తాను. అందాకా నువ్వొక్కదానివే లేపకు."

"అమ్మకి ఒంటేలు అందాకా ఆగుతాదేటి?" అని ఫోను పెట్టేసింది.

నా స్థానంలో కూర్చోవడానికి ఇంకొకరు లేరు. ఇంజనీరు చెయ్యెత్తాడు. మైకు తెరుచుకుంది.

ఆ రోజు చివర్లో, విజయనగరం పక్క పల్లె నుంచి వచ్చిన ఒక రైతుబిడ్డ మూడో ప్రయత్నానికి వేదిక ఎక్కింది. అంతకు ముందు రెండుసార్లూ ఎర్రదీపాలే. సన్నని పిల్ల. బారు మోకాళ్లు దాటి నడుము దాకా వచ్చింది, ఆ పైకి రాదనిపించింది. అప్పుడు ఆమె ఒక్కసారిగా కిందికి కూర్చుంది. బరువు ఉన్నచోటే ఉంది, దాని కిందికి తాను చేరింది. మునిగిపోతున్న మందర పర్వతం కిందికి స్వామి కూర్మమై చేరిన ఘట్టం నేను ఎన్ని ఏకాదశుల్లో చదివానో! కొండను మోయడానికి ముందు దాని అడుక్కు దిగాడన్న సంగతి ఆ క్షణం దాకా నా మనసుకు ఎక్కలేదు. "బరువు పైకి రాకపోతే మనమే దాని కిందికి వెళ్లాలి, వెళ్లింది. నడుము నిటారుగా ఉంది, బరువు ఒంటికి ఆనుకుని ఉంది, ఇప్పుడు కాళ్లతో లేస్తోంది" అని చెప్పాను. లేచింది, తల మీదికి ఎత్తింది. మూడు తెల్లదీపాలు. చప్పట్లు. నేను వెంటనే ఫలితాలు చదివి ముగించాను.

తిరుగు బస్సులో ఎన్నిసార్లు ఫోను చేసినా సుభద్ర ఎత్తలేదు. శ్రీకాకుళంలో దిగి ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి మా అత్త తల దువ్వించుకుని గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది.

"ఎవులొచ్చి లేపినారు?" అని అడిగాను.

"ఎవులొస్తారు? నువ్వే లేపినావు," అంది సుభద్ర. "రేడియోలో నడుం నిటారుగా అన్నావు. బరువు ఒంటికి ఆనాలన్నావు. కాళ్లతో లెగాలన్నావు. అలాగే సేసినాను."

అత్త వంకరపోయిన మూతితోనే నవ్వింది. "ఒరే, ఆ పిల్ల ఎత్తిందానికన్నా నేను తక్కువేరా. నీ పెళ్లానికి బంగారు పతకమేటీ రాదు."

సుభద్ర నవ్వలేదు. "ఎత్తడం సెప్పినావు గానీ దించడం సెప్పలేదేటి, బావా? లైట్లెలిగినాయన్నావు, సప్పట్లన్నావు, ఎల్లిపోనావు. నేనేమో అమ్మని పట్టుకుని అలా నిలబడిపోనాను. కాళ్లు వణికిపోతన్నాయి. ఆ పిల్లల్లాగ దబీమని ఒగ్గీమంతావేటి?"

మరి ఎలా దించావని అడిగాను.

"కిందకెల్లాలని నువ్వే అన్నావు కదా. అమ్మకంటే ముందు నేను కిందకెల్లినాను."

సాయంత్రం అత్తను మంచం మీదికి మార్చేటప్పుడు నేను చేతులు చాపి పక్కనే నిలబడ్డాను. "సెయ్యి తీ," అంది సుభద్ర. తల్లి చేతిని తన మెడ చుట్టూ వేసుకుని, ఛాతీకి ఆనించుకుని లేచింది. మంచం దగ్గర మోకాళ్లు మెల్లగా వంచుతూ, ముసలామె బరువంతా తన తొడల మీదికి తీసుకుని, గాజు చప్పుడు కూడా కాకుండా కూర్చోబెట్టింది. రాష్ట్రస్థాయి లిఫ్టర్లను ఎందరినో దగ్గరగా చూసిన నేను, గర్భాలయం ముందు నిలబడినట్టు నిలబడిపోయాను.

వెయిట్‌లిఫ్టింగ్‌లో ఒక నియమం ఉంది. రిఫరీ దించమన్న తర్వాత కూడా, బారు భుజాల కంటే దిగువకు వచ్చేదాకా లిఫ్టరు దాన్ని చేతుల్లోంచి వదలకూడదు. నాకు తెలిసిన నియమమే, కానీ ఫలితం తేలిపోయింది కదా అని ఎన్నడూ ప్రసారంలో చెప్పలేదు. ఆ తర్వాత నేను చేసిన ప్రతి ప్రసారంలోనూ, దీపాలు వెలిగినా బారు నేలకు ఆనేదాకా వ్యాఖ్యానం సాగించాను. మా అత్త బతికున్నంత కాలం బయటి ఊరి పిలుపు వస్తే ముందు సుభద్రను అడిగి, ఆ తర్వాతే ప్రధానోపాధ్యాయుణ్ని సెలవు అడిగాను. ఆమె వద్దన్నప్పుడు వెళ్లలేదు. వ్యాఖ్యాత మాటను నమ్మి ఇంటి దగ్గర ఎవరో ఒకరు బరువు ఎత్తుతూ ఉండవచ్చు. అది కిందికి దిగేదాకా అతని పని పూర్తి కాదు.