అమ్మకు తగలని దూది

నా చిన్నప్పుడు మహారాష్ట్రలోని బిలోలి దగ్గర మా ఊళ్లో పెళ్లయినా, దినాలయినా జొన్నరొట్టెలు చేయడానికి మా అమ్మనే పిలిచేవారు. కణకణలాడే పెనం మీది రొట్టెను మిగతా ఆడవాళ్లు అట్లకాడతో తిప్పితే, అమ్మ ఉత్త చేత్తో తిప్పేది. పాటిల్ గారి ఇంటి పెద్దమ్మ చుట్టాలను పిలిచి మరీ ఆ వేడుక చూపించేది. "దీని చేతికి అగ్గి గూడ భయపడ్తది" అని ఆవిడ అంటుంటే నేను గర్వంగా తలెత్తుకుని నిలబడేదాన్ని. ఇంటికొచ్చాక వేళ్ల మీద బొబ్బలుండేవి. అవి ఎప్పుడు లేచాయో అమ్మకే తెలిసేది కాదు.

పక్కింటి అక్క నాందేడులో నర్సు చదువు చదివేది. పత్తి ఏరే రోజుల్లో సెలవులకు వచ్చింది. నేను నరాల పాఠాన్ని మరాఠీలో అర్థం కాకుండా బట్టీ పడుతుంటే చూసి, పత్తి మొక్కనొకదాన్ని వేరుతో సహా పీకి తెచ్చింది. నరాల కణం ఇలాగే ఉంటుందని చెప్పింది. పైనున్న కొమ్మలు కబురు అందుకుంటాయి, పొడుగాటి వేరు దాన్ని ముందుకు పంపుతుంది, వేరు కొస ఇంకో కణం కొమ్మల దగ్గరికి వెళ్లి అంటీ అంటకుండా ఆగుతుంది. అలాంటి పోగులెన్నో కలిసి ఒక నరం. కాలేది చెయ్యే అయినా, కాలిందని తెలిసేది మెదడుకు. ఇదంతా చెప్పి నా మోచేతి లోపలి వైపు తట్టింది. చిటికెన వేలు దాకా జివ్వుమంది. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం.

అరుగు మీద పత్తి ఒలుస్తున్న అమ్మకూ ఆ తమాషా చూపిద్దామని అక్క ఆమె మోచేయి తట్టింది. అమ్మకు ఏమీ కాలేదు. అక్క వేళ్లతో తడిమి చూసింది. నరం తాడులా లావెక్కి ఉంది. అక్క నవ్వు ఆగిపోయింది. అమ్మ ఒడిలోంచి కాస్త దూది తీసుకుని, కళ్లు మూసుకోమని, ఎక్కడ తగిలితే అక్కడ చూపించమని చెప్పింది. అరచేయి అంచు మీద, చివరి రెండు వేళ్ల మీద దూది తిరిగింది. అమ్మ కళ్లు మూసుకునే ఉంది.

"ఎంతసేపు మూసుకోవాలె బిడ్డా? ఇంక ముట్టియ్యకపోతివి."

అక్క మర్నాడే అమ్మను దవాఖానకు తీసుకుపోయింది. కుష్టు అన్నారు. మందులు వాడితే రోగం నయమైంది. కానీ నరంలో చచ్చిన పోగులు మళ్లీ ప్రాణం పోసుకోలేదు. అప్పటికే వంగిన ఆ చివరి రెండు వేళ్లు వంగినట్టే ఉండిపోయాయి.

పాటిల్ గారింట్లో తర్వాతి పెళ్లికి అమ్మను పిలవలేదు. రోగం పోయింది, ఎవరికీ అంటదని అక్క పాటిల్ గారి గుమ్మం దాకా వెళ్లి చెప్పినా వినలేదు. పొగిడి పొగిడి ఆ చెయ్యి కాలేలా చేసిందీ వాళ్లే, కాలిన చేతిని చూసి మొహం తిప్పుకున్నదీ వాళ్లే. ఆ కోపం నాకింకా చల్లారలేదు. ఒక్కరైనా అట్లకాడ అందించి ఉంటే, ఒక్కరైనా 'కాలట్లేదా' అని అడిగి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మా ఇంట్లో రొట్టెలు చేసేది కోడలు. ఎప్పుడైనా పెనం తగిలి, చెయ్యి చటుక్కున లాక్కుని మూలుగుతుంది. నేను నీళ్ల గిన్నె పట్టుకుని లేస్తాను. ఆ మూలుగు వినగానే నా ప్రాణం కుదుటపడుతుందని మాత్రం ఆ పిల్లకు ఎప్పుడూ చెప్పలేదు.