పదకొండు గంటలకు పాలు లేని టీ

మా ల్యాబు విద్యార్థులకు, సిబ్బందికి, కిటికీలో దూరి బన్నులెత్తుకుపోయే కోతులకు అటెండరు హోదాలో నేను ప్రకటించేదేమంటే: నేటి నుంచి పదకొండు గంటల టీ రద్దు. గ్లాసులు బోర్లించడమైనది. స్టవ్వు అటక మీదికి ఎక్కించడమైనది. కారణం, ఆ టీ అడిగే మేడమ్ మంగళవారం పొద్దున ఆస్పత్రిలో పోయినారు.

పసిబిడ్డల పాలపొడిలో దాక్కునే ఒక చెడ్డ పురుగు మీద ఆమె పరిశోధన. కంటికి కనపడదు, దాని అసలు పేరు నాకు నోరు తిరగదు. "పొడిలో అది చచ్చిపోదప్పా, పడుకోనుంటాది. గోరువెచ్చని నీళ్లు పోస్తే లేస్తాది. మరిగించిన నీళ్లు, వేడి తగ్గకముందే కలపాల," అనేవారు. పెద్దోళ్లకు అదొక లెక్క కాదు. నెల నిండని బిడ్డకైతే మెదడుకెక్కుతాది. నేను దానికి 'నిద్రమొద్దు' అని పేరు పెట్టినాను. మేడమ్ నవ్వినారు. మర్నాడు చూస్తే ఫ్రిజ్జులో పెట్టె మీద ఆమె చేతిరాతతో అదే పేరు! ఎనిమిదో తరగతి తప్పినోడి మాటను రాసిపెట్టుకునే మనిషిని ఇంకొకర్ని నేను చూడలేదు.

ఒకరోజు వడమాలపేట నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆ పిల్లకు పుట్టిన ఇరవై దినాల బిడ్డ జ్వరంతో పోయినాడు. బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన పాలపొడి డబ్బాలో అడుగున నాలుగు స్పూన్ల పొడి ఉండింది.

"బాటిలు సరిగ్గా కడగలేదంట. నా బిడ్డను నేనే సంపుకున్నానంట. మా అత్త ఊరంతా చెప్తాంది. తప్పు డబ్బాదా, నా చేతిదా? అదొక్కటి చెప్పండి మేడమ్, సాలు."

మేడమ్ గాజులు మోచేతి దాకా తోసుకుని, డబ్బా మీద ఎర్ర ఇంకుతో ఏదో రాసి, పరీక్షకని బల్ల చివర పెట్టినారు.

మర్నాడు నేను పాల ప్యాకెట్టు తేవడం మరిచినాను. పరీక్షలకని అంగట్లో కొన్న పాలపొడి డబ్బాలు బల్ల మీద వరసగా ఉంటాయి కదా అని, చివరిది తీసి ఉన్న పొడంతా టీలో వేసి మరిగించినాను. అందరూ తాగినాక గ్లాసులు ఎత్తుకుంటా అన్నాను: "ఈ పొద్దు అందరికీ ఉగ్గుపాలు పట్టినాను. పోయి ఉయ్యాల్లో పడుకోండి!"

విద్యార్థులు పడి పడి నవ్వినారు. మేడమ్ నవ్వలేదు.

"ఏ డబ్బా అప్పా?"

చూపించినాను. ఎర్ర ఇంకు అప్పుడు కనపడింది నాకు. చదవలేక కాదు, చదవలేదు.

ఖాళీ డబ్బా అడుగును దూదితో తుడిచి పరీక్ష పెట్టినారు. ఏమీ పెరగలేదు. "పెరగలేదంటే లేదని కాదప్పా. మనకు దొరకలేదని, అంతే." నన్ను తిట్టలేదు. నా పేరు ఎవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి రోజూ పదకొండుకు "టీ తే అప్పా" అని, కొంచెం ఆగి, "పాలు వద్దు" అనేవారు.

ఆ పిల్ల నెలనెలా వచ్చేది. "ఇంకా తేలలేదమ్మా," అని మేడమ్ తల వంచుకునేవారు. అబద్ధం రాని మనిషి చేత నెలనెలా అబద్ధం చెప్పించినాను నేను.

ఆస్పత్రిలో చివరిసారి నన్ను చూసి, "పోనీలేప్పా. ఇంక పాలు పోసే తే," అన్నారు. ఆ మాట పట్టుకునే ఈ నాలుగు దినాలూ అన్నం తింటా ఉండాను.

నిన్న ఆ పిల్ల మళ్లీ వచ్చింది.

"మేడమ్ లేరా అన్నా?"

"పోయినారమ్మా."

మెల్లగా అడిగింది, "మరి నా డబ్బా?"

నేను గ్లాసులు ఎత్తుకుని కడిగేదానికి పోయినాను. ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని, సాయంత్రం బస్సు టయానికి లేచిపోయింది. ఆడ చెప్పలేనిది ఈడ రాస్తా ఉండాను, ఆ పిల్ల ఇది చదవదని తెలిసే.

ఇంకొకటి. ఆస్పత్రిలో మేడమ్ 'పాలు పోసే తే' అనలేదు. అది నేను కల్పించింది. పాలు పోసిన టీ ఫ్లాస్కులో తీసుకుని వార్డు మెట్ల దాకా పోయి, ఎక్కలేక తిరిగొచ్చినాను. బస్సులో ఫ్లాస్కు ఒడిలో పెట్టుకున్నాను. ఇల్లు చేరేదాకా అది వెచ్చగానే ఉండింది.