గుద్దినవాడు ఆగాడు

మట్టెవాడలో మా స్టీలు సామాన్ల దుకాణం ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాం. భోజనాలయ్యాక మా ఆయన కాసేపు నడుం వాలుస్తాడు. నేను కంప్యూటర్‌కు స్టీరింగ్ తగిలించుకుని కార్ల పందేనికి కూర్చుంటాను. ఎక్కడెక్కడివాళ్లో ఇరవై మంది ఇంటర్నెట్‌లో ఒకే ట్రాక్ మీద కార్లు నడిపే ఆట అది. నలభై దాటాక ఇదేం పిచ్చి అని మా ఆడబిడ్డ నవ్వుతుంది.

మొదట్లో నాకు తెలిసింది ఒకటే. ముందు కారు పక్కన సందు కనబడితే దూరిపోవడం. తగిలితే తగిలింది.

ఒక ఆదివారం మలుపులో వెనకనుంచి ఒక కారు నన్ను గుద్దింది. గిర్రున తిరిగి గడ్డిలో పడ్డాను. మళ్లీ రోడ్డెక్కేసరికి ఆ కారు ట్రాక్ అంచున ఆగి ఉంది. పాపం, నెట్ పోయిందేమో అనుకున్నాను. కానీ నేను దాటిన మరుక్షణమే అది కదిలింది. ఈలోపు మరో నలుగురు అతన్ని దాటిపోయారు.

నాకు ఉండబట్టలేదు. అతని పేరు పక్కన మన జెండా కనబడితే, పందెం అవగానే మైకులో హిందీలో అడిగాను, ఎందుకు నిలబడ్డావని. అతని హిందీలో మన యాస వినబడింది. "మీది ఏ ఊరు?" అన్నాను తెలుగులో.

"తొర్రూరు అక్కా! పత్తి వేస్తం" అని సంబరపడ్డాడు. "తాకింది నేనే గద. నిన్ను పడగొడితే వచ్చిన జాగ నాదెట్లయితది?"

"ఎవరూ అడగరు గద?"

"అడగరు. మనసున పట్టది, అంతే."

మరుసటి ఆదివారం ఇద్దరమే ట్రాక్ మీదికి వెళ్లాం. "నేను ఉత్తగ నీ వెనక వస్త. నువ్వు మామూలుగ నడుపు" అన్నాడు. రెండు రౌండ్లు అద్దంలో అతని కారే. మూడో రౌండులో గాభరాపడి బ్రేకు ముందే తొక్కేశాను. తగలకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు.

"నేనేం జెయ్యలే అక్కా. నువ్వే తొవ్వ ఇచ్చినవ్."

తర్వాత నేను వెంటపడ్డాను. ఎన్ని రౌండ్లు పోయాయో, ఒక మలుపు ముందు సగం కారు అతని పక్కకు చేరింది. తలుపు మూసినట్టు అడ్డం వస్తాడనుకుని భుజాలు బిగించాను. రాలేదు. సరిగ్గా ఒక కారు పట్టేంత జాగా వదిలాడు.

"ఎందుకు వదిలినవ్?"

"పక్కకు రాకముందు అడ్డం రావొచ్చు. వచ్చినంక జాగ ఇయ్యాలె."

మొన్నటి పందెంలో చివరిదాకా ఒక కారు వెనకే ఉన్నాను. సందులు కనబడ్డాయి, చాలనివి. దూరలేదు. ఐదో స్థానంలో ముగించాను. ఆ ముందున్నతను ఏ దేశంవాడో తెలియదు గానీ, తన భాషలో ఏదో రాసి దండం బొమ్మ పెట్టాడు.

ఆటలో పందెం రికార్డింగును ఏ కారులోంచైనా చూడొచ్చు; ఆ సాయంత్రం అది తీసి, ఆ ముందున్నతని కారులోంచి చూశాను. అతని అద్దంలో నా ఎర్ర కారు ఊగకుండా, తొందరపడకుండా వస్తోంది. ఎవరో నిదానస్తురాలు అనిపించింది. మా ఆయన్ని పిలిచి చూపించాను.

"ఇది నువ్వేనా?" అన్నాడు, నమ్మకుండా.