దగ్గే మనిషి దగ్గర చేపలు ఎవరు కొంటారు?

విడవలూరు వీధిలో గంప దించి "చందువా చేపలమ్మా!" అని కేకేయబోయాను. కేక రాలేదు, దగ్గు వచ్చింది. అంతకు ముందే జలుబూ జ్వరమూ వచ్చి తగ్గాయి. దగ్గు మాత్రం ఉండిపోయింది. మెడికల్ షాపులో సిరప్ కొని తాగాను. నెల దాటినా పోలేదు.

రోజూ కొనే సుబ్బమ్మ ఆ రోజు అరుగు దిగలేదు.

"ఏందక్కా, చేపల మీదే దగ్గతా ఉండావు? ఈరోజుకు వద్దులే."

"మొగం తిప్పుకొనే దగ్గినా గదా!"

"ఏమో, ఇంట్లో పిల్లకాయలుండారు."

ఆ మాట వీధంతా పాకింది. గంప ఎలా పోయిందో అలాగే తిరిగి రాసాగింది. నా కూడు నా కేకలో ఉంది. అది పోతే ఏం చేయాలి?

ఆశా కార్యకర్త నన్ను తిట్టి మరీ ఆస్పత్రికి తీసుకుపోయింది. "రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించుకోమని చెప్పినా గదా పెద్దమ్మా!" పరీక్షలో టీబీ లేదన్నారు. ఎక్స్‌రే బాగుందన్నారు. ఆస్తమా ఏమోనని గొట్టంలో ఊదించారు, అదీ కాదు. సంతోషపడాల్సింది పోయి ఇంకా భయపడ్డాను. పేరు లేని జబ్బుకు మందేముంటుంది?

కోడల్ని తోడు పెట్టుకుని మళ్లీ పోతే డాక్టరమ్మ అడిగింది. "పొయ్యి పొగ ఉందా? బీపీ మాత్రలు మింగుతున్నావా?"

"గ్యాసే. బీపీ లేదు."

"దగ్గు ఎప్పుడు ఎక్కువ?"

"నడుం వాల్చంగానే. నోట్లోకి పుల్లంగా కూడా వస్తాది."

"ఏం తిని పడుకుంటావు?"

చేపల పులుసూ అన్నమూ అన్నాను. ఆ పైన దగ్గుకని కోడలు కాచే మిరియాల చారు, చింతపండు దండిగా వేసి, పెద్ద గ్లాసుడు. తాగిన వెంటనే పడక. తెల్లారకముందే రేవులో వేలం పాటకు పోవాలి గదా.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఇది రిఫ్లక్స్ పెద్దమ్మా. కడుపులో యాసిడ్ గొంతుకు ఎగదన్నుతోంది. ఆ చారుతో నువ్వే దాన్ని ఎక్కువ చేసుకుంటున్నావు."

పక్కనున్న కోడలి మొహం చిన్నబోయింది. "నేనే గదత్తా పోసింది!"

"పోసింది నువ్వు, ఇంకో గ్లాసు అడిగింది నేను. ఏడవబాక."

డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, చారు మానేయమంది. పొద్దుండగానే తినమంది, మంచానికి తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టమంది. వెంటనే తగ్గలేదు. ఒక సీమంతంలో కడుపు నిండా తిని పడుకున్నాను, మళ్లీ మొదలైంది. పూర్తిగా తగ్గడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు నా కేక మునుపటంత సాగదు గానీ వీధి చివరిదాకా వినబడుతుంది. సుబ్బమ్మ అరుగు దిగి వచ్చి, చేప మొప్పలు ఎత్తి చూసి బేరమాడుతుంది.

దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్షకు పోండి. అందులో ఏమీ లేదంటే ఇంటికొచ్చి కూర్చోకండి. తినేది, తాగేది, పడుకునే వేళ అన్నీ డాక్టరుకు చెప్పండి. నేను చారు మాట ముందే చెప్పలేదు, అది మందే గదా అనుకున్నాను. మీరు మందనుకునేది కూడా చెప్పండి.